కాలమ్ చుట్టూ రెండున్నర మీటర్లు: ఫ్లాట్ స్లాబ్ డిజైన్ ఎలా చేయాలి

మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజినీర్లను మొదటి వారం సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లనివ్వను. ఒక తెల్ల కాగితం ఇచ్చి, మధ్యలో 450 మి.మీ. కాలమ్ గీసి, దాని చుట్టూ ఓ చుక్కల గీత గీయమంటాను. విజయవాడలో ఇన్నేళ్లుగా స్ట్రక్చరల్ డిజైన్ చేస్తూ నాకు గట్టిపడిన నమ్మకం ఒకటే. బీమ్‌లు లేకుండా నేరుగా కాలమ్‌ల మీద కూర్చునే స్లాబ్, అంటే ఫ్లాట్ స్లాబ్, నిలబడేదీ పడిపోయేదీ ఆ చుక్కల గీత దగ్గరే.

బీమ్ ఉన్న స్లాబ్‌కి ఏదైనా ఇబ్బంది వస్తే ముందు వంగుతుంది, పగుళ్లిస్తుంది, మనకు చెబుతుంది. ఫ్లాట్ స్లాబ్ అలా కాదు. అప్పడానికి వేలు గుచ్చినట్టు, కాలమ్ స్లాబ్‌ని పొడుచుకుని పైకి వచ్చేస్తుంది. దీన్నే పంచింగ్ షియర్ అంటాం. 1995 జూన్ 29న సియోల్‌లో సాంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కూలి 502 మంది చనిపోయారు. అది ఫ్లాట్ స్లాబ్ బిల్డింగే. పైఅంతస్తులో కాలమ్‌ల చుట్టూ స్లాబ్ ఇలా పంచ్ అవడంతోనే ఆ కూలడం మొదలైంది.

ఒక లెక్క చేసి చూపిస్తాను. ఆఫీసు బిల్డింగ్, రెండు వైపులా 6 మీటర్ల స్పాన్ (కాలమ్ మధ్య నుంచి కాలమ్ మధ్యకి దూరం), 450 మి.మీ. చదరపు కాలమ్‌లు, ఎం30 కాంక్రీటు, ఎఫ్ఈ500 స్టీలు (30, 500 వాటి బలాన్ని చెప్పే అంకెలు). డ్రాప్‌లు, అంటే కాలమ్ చుట్టూ స్లాబ్‌ని మందం చేసే దిమ్మెలు, లేవు.

ముందు మందం. మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం కంటిన్యువస్ స్లాబ్‌కి స్పాన్, ఎఫెక్టివ్ డెప్త్‌ల నిష్పత్తి 26 (ఎఫెక్టివ్ డెప్త్ అంటే స్లాబ్ ఒత్తిడి పడే ముఖం నుంచి స్టీలు మధ్య వరకు లోతు). డ్రాప్‌లు లేవు కాబట్టి 0.9తో గుణించాలి, 23.4 వస్తుంది. స్టీలు తక్కువగా ఉంటుంది కనుక మోడిఫికేషన్ ఫ్యాక్టర్ (ఆ నిష్పత్తిని సవరించే గుణకం) 1.3 తీసుకుంటాను. 6000ని ఆ రెంటి లబ్ధంతో భాగిస్తే 197 మి.మీ. స్లాబ్ 230 మి.మీ. వేసి, కవర్ (రాడ్లని కప్పే కాంక్రీటు) 20, రెండు దిశల్లో 12 ఎం.ఎం. రాడ్లు అనుకుంటే సగటు ఎఫెక్టివ్ డెప్త్ 198. సరిపోయింది. స్పాన్లు సమానం కానప్పుడు పొడవైన స్పాన్‌నే లెక్కలోకి తీసుకోవాలి. నాలుగు వైపులా బీమ్‌లుండే మామూలు టూ వే స్లాబ్‌కి పొట్టి స్పాన్ తీసుకునే అలవాటుతో చాలామంది ఇక్కడ పొరపడతారు.

లోడు: స్లాబ్ బరువు 5.75, ఫ్లోరింగ్ వగైరా 1.5, మనుషులూ సామాన్ల బరువు, అంటే లైవ్ లోడ్ 4. మొత్తం చదరపు మీటరుకు 11.25 కిలోన్యూటన్లు. భద్రత కోసం దాన్ని 1.5తో గుణిస్తే చదరపు మీటరుకు 16.875 కిలోన్యూటన్లు.

ఇప్పుడు చుక్కల గీత. కాలమ్ ముఖం నుంచి ఎఫెక్టివ్ డెప్త్‌లో సగం దూరంలో చుట్టూ గీయాలి. ఒక్కో భుజం 450కి 198 కలిపితే 648 మి.మీ. చుట్టుకొలత 2592, అంటే రెండున్నర మీటర్ల పైచిలుకు. 36 చదరపు మీటర్ల నేల మీది బరువంతా ఈ రెండున్నర మీటర్ల గీతని దాటే కాలమ్‌లోకి దిగాలి. గీత లోపలి ముక్క మీది బరువు తీసేస్తే అది 600 కిలోన్యూటన్లు. చుట్టుకొలతతో, డెప్త్‌తో భాగిస్తే స్ట్రెస్ చదరపు మి.మీ.కి 1.17 న్యూటన్లు వస్తుంది. ఎం30కి అనుమతించేది 30 వర్గమూలంలో పావు వంతు, అంటే 1.37. పాసయింది. కానీ ఇక్కడ ఆగకండి. పక్కపక్క స్పాన్లలో లైవ్ లోడ్ ఒకవైపే ఉన్నప్పుడు వచ్చే మొమెంట్ (స్లాబ్‌ని వంచే ప్రభావం) కూడా ఈ గీతనే దాటాలి. చదరపు కాలమ్ అయితే అందులో 60 శాతం వంపు ద్వారా, 40 శాతం షియర్ ద్వారా వెళ్తుంది. అందుకే మధ్య కాలమ్ దగ్గర నేరు బరువుకే 85 శాతం దాటనివ్వను.

ఇక ఆర్కిటెక్ట్ ఫోన్ చేస్తారు. కాలమ్ గోడలో కలిసిపోయేలా వెడల్పు 230 చేయండి, పొడవు ఎంతైనా పెంచుకోండి అంటారు. 230 బై 670 చేస్తే చుట్టుకొలత అదే 2592. పైకి చూస్తే తేడా లేదు. కానీ కాలమ్ పొట్టి భుజాన్ని పొడవు భుజంతో భాగించి 0.5 కలిపితే వచ్చేది 1 కన్నా తక్కువైతే, అనుమతించే స్ట్రెస్‌ని దాంతో గుణించాలి. ఇక్కడ 0.84 వస్తుంది. 1.37 కాస్తా 1.15కి పడిపోతుంది. మనకు వచ్చింది 1.17, కాబట్టి ఫెయిల్. అదే 300 బై 600 అయితే ఈ కోత ఉండదు. మా దగ్గర తొమ్మిదంగుళాల కాలమ్ మోజు ఎక్కువ. ఫ్లాట్ స్లాబ్ కావాలంటే దాన్ని వదులుకోవాల్సిందేనని మొదటి మీటింగ్‌లోనే చెప్పేస్తాను.

స్ట్రెస్ మించితే ఏం చేయాలి? అనుమతించేదానికి ఒకటిన్నర రెట్ల లోపు ఉంటే షియర్ స్టీలు (పంచింగ్‌ని ఆపే అదనపు కడ్డీలు) పెట్టొచ్చని కోడ్ ఒప్పుకుంటుంది. నేను మాత్రం ముందు డ్రాప్ ఆలోచిస్తాను. ఒక్కో వైపు స్పాన్‌లో కనీసం మూడో వంతు, మన లెక్కలో 2 మీటర్లు ఉండాలి. డ్రాప్ అంచు దాటాక పలచని స్లాబ్‌లో ఇంకో చుక్కల గీత గీసి మళ్లీ చెక్ చేయాలి.

మొమెంట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది సాఫ్ట్‌వేర్ బాగానే చేస్తుంది. ప్రతి వైపూ కనీసం మూడు స్పాన్లు ఉండి, అవి మరీ ఎగుడుదిగుడుగా లేకపోతే డైరెక్ట్ డిజైన్ మెథడ్ (కోడ్ ఇచ్చిన శాతాలతో మొమెంట్లు పంచే పద్ధతి) చాలు. క్లియర్ స్పాన్ (కాలమ్ ముఖాల మధ్య దూరం) 5.55 మీటర్లు, దాని మీది మొత్తం లోడు 562 కిలోన్యూటన్లు, మొత్తం మొమెంట్ 390 కిలోన్యూటన్-మీటర్లు. లోపలి ప్యానెల్‌లో 65 శాతం కాలమ్ లైన్ మీద, 35 శాతం మధ్యలో. కాలమ్ లైన్ మీది 253లో ముప్పావు వంతు కాలమ్ స్ట్రిప్‌కి (కాలమ్‌ల వరుస మీది పట్టీకి) వెళ్తుంది. 3 మీటర్ల స్ట్రిప్‌కి 190, మీటరుకు 63. పైన 12 ఎం.ఎం. రాడ్లు 140 మి.మీ. దూరంలో సరిపోతాయి. ఇవి కాకుండా కింది వరుసలో రెండు వైపులా కనీసం రెండేసి రాడ్లు కాలమ్ కడ్డీల మధ్య నుంచి దూర్చి వేయిస్తాను. పంచింగ్ జరిగినా స్లాబ్ వాటి మీద వేలాడుతుంది, కింది అంతస్తు మీద పడదు. అమెరికా కోడ్ ఏసీఐ 318 దీన్ని తప్పనిసరి చేసింది.

ఇప్పుడు సైటు మాట. నా ఉద్యోగం మొదట్లో ఒక సైటుకి తెల్లవారుజామున వెళ్లాను. అప్పటికే పంపు పైపు పై రాడ్ల జాలీ మీద పరిచి ఉంది. పది మంది దాని మీదే నడుస్తున్నారు. ఒక కాలమ్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని టేపు పెట్టాను. పై రాడ్లు ఉండాల్సిన చోటు కన్నా 30 మి.మీ. కిందికి దిగి ఉన్నాయి. మేస్త్రి మంచివాడే, పనిమంతుడే. "ముప్పై ఎం.ఎం.కి ఏమవుతుంది మేడమ్?" అన్నాడు. అక్కడే సిమెంటు సంచి కాగితం మీద లెక్క వేశాను. డెప్త్ 198 నుంచి 168కి పడింది. చుట్టుకొలతా తగ్గింది. 1.17 కాస్తా 1.45 అయింది. పాసయిన స్లాబ్ కాళ్ల కింద ఫెయిలైపోయింది. పోత ఆపించి చైర్లు (పై రాడ్లని ఎత్తి పట్టే ఆసరా కడ్డీలు) పెట్టించాం. మూడు గంటలు పట్టింది. తప్పు నా డ్రాయింగ్‌లోనూ ఉంది. "చైర్లు వాడవలెను" అని రాశాను గానీ ఎత్తు, దూరం రాయలేదు.

అప్పటి నుంచి చైర్‌కి వేరే బొమ్మ గీస్తాను. 230 స్లాబ్‌లో పైనా కిందా కవర్ 20, కింద రెండు వరుసలు 10 ఎం.ఎం., పైన రెండు వరుసలు 12 ఎం.ఎం. తీసేస్తే మిగిలేది 146. చైర్ ఎత్తు అదే. 12 ఎం.ఎం. రాడ్‌తో, కాలమ్ చుట్టూ 750 మి.మీ. కన్నా దూరం లేకుండా. పంపు పైపుకి వేరే స్టాండు.

రెండో శత్రువు ప్లంబింగ్ రంధ్రం. కాలమ్‌ని ఆనుకుని 150 మి.మీ. చదరపు రంధ్రం కొడితే, కాలమ్ మధ్య నుంచి ఆ రంధ్రం అంచుల మీదుగా రెండు గీతలు గీయండి. వాటి మధ్య పడిన చుక్కల గీత పనికిరానట్టే. 216 మి.మీ. పోతుంది, స్ట్రెస్ 1.28. ఎదురు వైపు ఇంకో పైపు వస్తే 1.40, ఫెయిల్. ఏ రంధ్రమైనా రెండు మిడిల్ స్ట్రిప్‌లు (కాలమ్ స్ట్రిప్‌ల మధ్య మిగిలే పట్టీలు) కలిసే చోట, ప్యానెల్ నడిమధ్యకి నెట్టండి. అక్కడ తెగిన స్టీలంతా పక్కన తిరిగి వేస్తే పరిమాణానికి హద్దు లేదు. స్లాబ్ వేశాక కోర్ కటింగ్‌కి (మెషీన్‌తో గుండ్రటి రంధ్రం కోయడానికి) నా సంతకం లేకుండా ఎవరినీ రానివ్వొద్దని జనరల్ నోట్స్‌లో మొదటి లైన్‌గా రాస్తాను.

అంచు కాలమ్‌ల దగ్గర చుక్కల గీత మూడు వైపులే ఉంటుంది, మొమెంట్ మాత్రం ఒకే వైపు లాగుతుంది. అందుకే చుట్టూ అంచు బీమ్ వేస్తాను, బయటి గోడ బరువు కూడా దాని మీదే పోతుంది. భూకంపం బరువుకి మాత్రం స్లాబ్‌నీ కాలమ్‌లనీ నమ్మను. లిఫ్టు, మెట్ల చుట్టూ షియర్ వాల్స్ (పక్కకి తోసే బలాన్ని మోసే కాంక్రీటు గోడలు) ఉండాల్సిందే. బిల్డింగ్ ఊగినప్పుడు కాలమ్ దగ్గర స్లాబ్ ఆ కదలికని తట్టుకుంటుందా అన్నది వేరేగా చూడాలి.

చివరగా ప్రాపులు, అంటే కొత్త స్లాబ్ కింద పెట్టే తాత్కాలిక ఆసరాలు. 1973 మార్చి 2న అమెరికాలోని వర్జీనియాలో స్కైలైన్ ప్లాజా అనే టవర్ కట్టేటప్పుడు, కాంక్రీటు ఇంకా గట్టిపడని పైఅంతస్తుల్లో ప్రాపులు ముందే తీసేశారు. కాలమ్‌ల దగ్గర స్లాబ్ పంచ్ అయి, 14 మంది కార్మికులు చనిపోయారు. మన లెక్కే చూడండి. లైవ్ లోడ్‌గా మనం ఒప్పుకున్నది 4. పైన కొత్తగా పోసిన స్లాబ్ బరువే 5.75, సెంట్రింగ్ అదనం. అందుకని పై స్లాబ్ వేసే రోజున కింద రెండు అంతస్తులకైనా ప్రాపులు కదలకుండా ఉన్నాయో లేదో నేనే దిగి చూస్తాను. తీసే ముందు క్యాలెండర్ చూడను, ఆ స్లాబ్ క్యూబుల (అదే కాంక్రీటుతో పోసిన నమూనా దిమ్మెల) బలం రిజల్ట్ తెప్పించుకుంటాను.