జపాన్‌లో ఎవరైనా ఏదైనా ఇస్తే ఏమనాలి?

టోక్యోలో మేముండేది నిషికసాయ్. వచ్చిన కొత్తలో, చలికాలం సాయంత్రం పక్కింటి పెద్దావిడ సంచీ నిండా మికాన్లు, అంటే అక్కడి చిన్న కమలాలు, తెచ్చి తీసుకుంటారా అని అడిగారు. ‘కెక్కో’ అంటే ‘చాలా బాగుంది’ అని చదివిన గుర్తుతో నవ్వుతూ ‘కెక్కో దెసు’ అన్నాను. ఆవిడ తల వంచి, సంచీతో వెనక్కి వెళ్ళిపోయారు. ఇవ్వబోయేవాళ్ళతో ఆ మాటంటే ‘వద్దండీ’ అని అర్థమట.

అందుకే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. ఏదైనా ఇవ్వబోతే ‘కెక్కో దెసు’, ‘ఈ దెసు’, ‘దైజోబు దెసు’ మూడూ మామూలుగా వద్దనే చెబుతాయి. కావాలంటే ముందు ‘హై’ (అవును) అనండి. 2020 జులై నుంచి షాపుల్లో ప్లాస్టిక్ సంచీకి డబ్బులు తీసుకుంటున్నారు కాబట్టి కౌంటర్లో సంచీ కావాలా అని అడుగుతారు. ‘హై, ఒనెగైషిమాస్’ (అవునండీ, ఇవ్వండి) అంటే చాలు.

పండో, టీయో చేతికిస్తే ‘ఇతదకిమాస్’ (తీసుకుంటానండీ) అనండి. ఈ క్రియకు అసలు అర్థం తలమీద పెట్టుకోవడం. మనం ప్రసాదం కళ్ళకద్దుకున్నట్టే. రెండు చేతులతో అందుకుని, తల కొంచెం వంచండి. ‘సుమిమాసెన్’ అని కూడా అంటారు. అది క్షమాపణే అయినా, ఇక్కడ మాత్రం మన ‘అయ్యో, మీకెందుకండీ శ్రమ!’

పెద్ద సాయమైతే, అంటే ఆఫీసులో పెద్దాయన భోజనం బిల్లు తానిస్తానంటే, వెంటనే సరేననకూడదు. ‘ఈన్ దెసు కా?’ (ఫరవాలేదా?) అనాలి. ఆయన మళ్ళీ అంటే ‘జా, ఒకొతోబా ని అమాఎతె’. ‘మీరింతగా అంటున్నారు కాబట్టి చనువు తీసుకుంటున్నా’ అని. ‘అమాఎరు’ అంటే గారాలు పోవడం. వాక్యం అక్కడే ఆపేయండి, మిగతాది వాళ్ళకి అర్థమవుతుంది. మొహమాటాన్ని ‘ఎన్‌ర్యో’ అంటారు. మన ఇళ్ళలోలా మూడుసార్లు బతిమాలించుకుంటే నిజంగానే వద్దనుకుంటారు. నా అనుభవంలో ఒక్కసారి తటపటాయిస్తే సరిపోతుంది.

చాలామంది మర్చిపోయేది మరొకటుంది. తర్వాత కలిసినప్పుడు మళ్ళీ థాంక్స్ చెప్పాలి: ‘కొనో ఐదా వా అరిగతో గొజైమషిత’, అంటే ‘మొన్నటిదానికి ధన్యవాదాలు’.

మరుసటి ఏడు శరదృతువులో పక్కింటావిడ ‘కాకి’ అనే పళ్ళతో వచ్చారు (నారింజ రంగులో, చూడ్డానికి టమాటాలా ఉంటాయి). రెండు చేతులూ చాచి ‘ఈన్ దెసు కా? ఇతదకిమాస్’ అన్నాను. రెండ్రోజులకి మెట్ల దగ్గర కనిపిస్తే మళ్ళీ థాంక్స్ చెప్పి, ‘ఒయిషికత్త దెసు’, చాలా రుచిగా ఉన్నాయన్నాను. ఆవిడ ఒక్క నిమిషం ఆగమని లోపలికెళ్ళి, ఇంకో నాలుగు పళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టారు.