గర్భవతికి చైనా మూలికలు: కషాయం తాగే ముందు

సింగపూరులోనో, కౌలాలంపూరులోనో, హాంకాంగ్‌లోనో కాపురముంటున్న తెలుగు అమ్మాయి నెల తప్పిందని తెలిస్తే చాలు, పక్కింటి చైనా పెద్దావిడ ఫ్లాస్కు నిండా కషాయం తెచ్చి ఇస్తుంది. కడుపు నిలుస్తుందని, వేవిళ్లు తగ్గుతాయని, బిడ్డ చర్మం నునుపుగా ఉంటుందని చెబుతుంది. పుట్టిల్లు వేల మైళ్ల దూరంలో ఉన్నప్పుడు ఆ ఆదరణ ఎంత విలువైనదో నాకు తెలుసు. ఆవిడ మనసు నొప్పించమని నేను చెప్పను. ఫ్లాస్కు తీసుకోండి, చేతులు జోడించండి. అయితే అందులో ఏమేం వేశారో పేర్లు తెలుసుకుని, ఆ పేర్లను మీ డాక్టరుకు చూపించేవరకు ఒక్క గుక్క కూడా తాగకండి. మొదటి 12 వారాల్లో మరీ ముఖ్యం. బిడ్డ గుండె, మెదడు, కాళ్లూ చేతులూ రూపు కట్టేది ఆ రోజుల్లోనే.

మూలికే కదా, హాని చేయదులే అనే మాటను చైనా వైద్యులే ఒప్పుకోరు. గర్భవతికి ఇవ్వకూడని మందుల పేర్లను శతాబ్దాల కిందటే వాళ్లు పద్యాలుగా కట్టి శిష్యులచేత వల్లె వేయించారు. ఈనాటి చైనా ప్రభుత్వ ఔషధ గ్రంథంలోనూ గర్భిణులకు అసలు ఇవ్వకూడనివి, జాగ్రత్తగా ఇవ్వవలసినవి అంటూ మూలికల పక్కన రాసి ఉంటుంది. ఇవ్వకూడనివాటిలో మనకు తెలిసిన పేర్లు కూడా ఉన్నాయి: నేపాళం గింజలు, ముషిణి గింజలు, కస్తూరి, జలగ, మణిశిల. తియెన్‌హువాఫెన్ అనే దుంప సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. అది మన పొట్ల జాతికి చెందిన ఒక తీగ వేరు. దాని నుంచి తీసిన ప్రొటీనును చైనా ఆసుపత్రుల్లో గర్భస్రావం చేయించడానికే ఇంజెక్షనుగా వాడారు. మనం వండుకునే పొట్లకాయ వేరే మొక్క, దాని గురించి భయం అక్కరలేదు.

తెలుగువాళ్లు అన్నిటికంటే తేలికగా పొరబడేది ఒక పువ్వు దగ్గర. గర్భవతికి పాలలో కుంకుమపువ్వు వేసి ఇవ్వడం మనకు అలవాటు. చైనా మందుల దుకాణంలో ఎర్రటి రేకులు కనబడగానే అదేననుకుని కొంటాం. అక్కడ హోంగ్‌హువా అంటే ఎర్రపువ్వు. అది కుంకుమపువ్వు కాదు, కుసుమ పువ్వు. మనం నూనె తీసే కుసుమ మొక్కదే. రక్తాన్ని కదిలించి ఆగిన నెలసరిని రప్పించడానికి చైనా వైద్యులు దాన్ని వాడతారు. అసలు కుంకుమపువ్వును షీహోంగ్‌హువా అనో, జాంగ్‌హోంగ్‌హువా అనో అంటారు. పేరు ముందు ఒక్క అక్షరం ఊడితే వస్తువే మారిపోతుంది. కుంకుమపువ్వులో కల్తీకి కుసుమ రేకులు కలపడం కూడా ఉంది. పైగా ఆ ఔషధ గ్రంథం అసలు కుంకుమపువ్వును కూడా గర్భిణులకు జాగ్రత్తగా ఇవ్వవలసినవాటిలోనే చేర్చింది. పాలలో రెండు మూడు రేకులు వేసుకోవడం వేరు, చెంచా నిండా మరగబెట్టి తాగడం వేరు.

ఇలాంటి పొరపాటు బార్లీ దగ్గరా జరుగుతుంది. చైనా బార్లీ పేరుతో అమ్మే ఈరెన్ గింజ బార్లీ కాదు, వేరే గడ్డి జాతి. అదీ జాగ్రత్త పట్టికలోనే ఉంది. కాళ్ల వాపుకు బార్లీ నీళ్లు కాచుకోవాలనుకుంటే మామూలు బార్లీ అని అడిగి కొనండి. వాపుతో పాటు తలనొప్పి కూడా ఉంటే మాత్రం నీళ్లు కాచుకుంటూ కూర్చోకుండా రక్తపోటు చూపించుకోవాలి.

అతిమధురం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. చైనాలో గాన్‌త్సావో అంటారు. ఎన్నో కషాయాల్లో రుచికీ, మిగతా మూలికలను కలపడానికీ దాన్ని వేస్తారు. కాబట్టి అడగకపోయినా వచ్చి చేరుతుంది. ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. తల్లి ఒంట్లోని ఒత్తిడి హార్మోను బిడ్డకు చేరకుండా మాయ ఒక అడ్డుగోడలా పనిచేస్తుంది. అతిమధురంలోని గ్లిసరైజిన్ ఆ గోడను బలహీనపరుస్తుంది. ఫిన్లాండ్‌లో అతిమధురం మిఠాయిలు ఎక్కువగా తిన్న తల్లులకు పుట్టిన పిల్లలను 8 ఏళ్ల వయసులో పరీక్షించినప్పుడు, ఆలోచనకు, జ్ఞాపకశక్తికి సంబంధించిన పరీక్షల్లో కొంత వెనకబడ్డారు. రక్తపోటు ఉన్న గర్భవతి దీన్ని పూర్తిగా మానాలి. దగ్గుకని ఇంటి నుంచి తెచ్చుకున్న అతిమధురం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

కడుపు నిలవడానికని తైవాన్‌లో ఆన్‌తాయ్‌యిన్ అనే కషాయం ఇస్తారు. అక్కడి తల్లీబిడ్డల వివరాలతో 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, మొదటి మూడు నెలల్లో ఆ కషాయం తాగినవారికీ, హువాంగ్‌లియెన్ అనే చేదు వేరు వాడినవారికీ పుట్టిన పిల్లల్లో కొన్ని రకాల పుట్టుక లోపాలు ఎక్కువగా కనబడ్డాయి. ఆ మందే కారణమని దాన్నిబట్టి తేల్చలేం, అలాంటి కేసులూ కొద్దిగానే ఉన్నాయి. అయినా తప్పనిసరి కాని మందు విషయంలో ఆ అనుమానం చాలు, నేనైతే పక్కన పెడతాను.

ప్యాకెట్లలో వచ్చే మాత్రలు కషాయం కంటే నమ్మదగినవని అనుకోవద్దు. చీటీ మీద రాయని స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు కలిపిన సరుకు గురించి సింగపూరు అధికారులు తరచూ హెచ్చరికలు ఇస్తూనే ఉంటారు. కొన్ని నొప్పి మందులు 20 వారాల తర్వాత బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గిస్తాయి. కొన్ని పాత కాలపు మాత్రల్లో ఇంగిలీకం, అంటే పాదరసం కలిసిన ఖనిజం ఉంటుంది. పేరు తారుమారైతే ఏమవుతుందో 1990ల మొదట్లో బెల్జియంలో తేలింది. ఫాంగ్‌జీ అనే పేరు రెండు వేర్వేరు మొక్కలకు ఉంది. బరువు తగ్గడానికి వాడిన మందులో ఒక ఫాంగ్‌జీ బదులు మరో ఫాంగ్‌జీ చేరింది. వందమందికి పైగా మహిళల మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ రెండో మొక్కలో మూత్రపిండాలను దెబ్బతీసే అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంది.

సీలు లేని పొట్లం, ఆన్‌లైన్‌లో తెప్పించిన డబ్బా, చుట్టాలు సూట్‌కేసులో తెచ్చిన సీసా, ఈ మూడింటికీ దూరంగా ఉండండి. చైనా వైద్యం చేయించుకోవాలని నిజంగా అనుకుంటే నమోదైన వైద్యుడి దగ్గరికే వెళ్లండి. సింగపూరులో, హాంకాంగ్‌లో ఆ వైద్యులకు చట్టబద్ధమైన నమోదు ఉంది. కూర్చోగానే మొదటి మాటగా ఎన్నో నెలో చెప్పండి. నెలసరి ఆలస్యమైందని అనుమానం ఉన్నా చెప్పండి. మీరు వాడుతున్న మందులూ చెప్పాలి: థైరాయిడ్ మాత్ర, ఇన్సులిన్, ఇనుము మాత్రలు. రక్తపోటు పెరగకుండా ఆస్పిరిన్ వాడుతున్నా, హెపారిన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నా డాంగ్‌గ్వే, డాన్‌షెన్ లాంటి మూలికలతో రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదముంది. మూలికల పేర్లు చైనా లిపిలో రాయించి తీసుకోండి. మనం పలికే పేరుతో ఎవరూ సరిగ్గా వెతకలేరు, లిపిలో ఉంటే ఆసుపత్రి ఫార్మసిస్టు చదివించుకోగలరు. పేర్లు రాసి ఇవ్వడానికి ఇష్టపడని వైద్యుడి మందు తీసుకోకండి.

తెలియక ఇప్పటికే తాగినవాళ్లు కంగారు పడవద్దు. ఒకటి రెండు గిన్నెలు తాగిన చాలామందికి ఏమీ కాదు. మానేసి, మిగిలిన పొడినో ప్యాకెట్‌నో పారేయకుండా దాచి డాక్టరుకు చూపించండి. ఏమంటారోనని దాచిపెట్టడమే అసలు ప్రమాదం. రక్తం కనబడినా, పొత్తికడుపులో నొప్పి వచ్చినా, కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కాన్పు దగ్గరపడుతున్నప్పుడు, ముఖ్యంగా సిజేరియన్ అనుకున్నప్పుడు, ఇంకా వాడుతున్న మూలికలుంటే కనీసం రెండు వారాల ముందే డాక్టరుతో మాట్లాడి ఆపాలి. మత్తు ఇచ్చే డాక్టరుకు వాటి పేర్లు తెలియాలి. కాన్పు తర్వాత నెల రోజుల పథ్యంలోనూ మూలికల సూపులు వస్తాయి. జుట్టు రాలుతోందని హషోవూ మాత్రలు ఇస్తారు. అవి కాలేయాన్ని దెబ్బతీసిన సంఘటనలు ఎన్నో నమోదయ్యాయి. పాలిచ్చే తల్లికి వాటి అవసరం లేదు, ఆ జుట్టు చాలామందికి దానంతట అదే తిరిగి వస్తుంది.

పసికందుకు చేదు వేరు నీళ్లు తాగించడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపమున్న శిశువుల్లో కామెర్లు మెదడుకు ఎక్కుతున్నాయని సింగపూరు 1978లో హువాంగ్‌లియెన్‌ను నిషేధించింది. తరువాత దశలవారీగా నిషేధం ఎత్తివేసినా, పసిపిల్లల విషయంలో జాగ్రత్త అలాగే ఉంది. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ బొడ్డుతాడు రక్తంతో ఈ లోపం పరీక్షిస్తారు. ఆ ఫలితం అడిగి తెలుసుకోండి. లోపం ఉందంటే ఊరి నుంచి వచ్చే అమ్మకూ, అత్తగారికీ ముందే ఫోనులో చెప్పండి. ఈ లోపమున్న బిడ్డకు కలరా ఉండలూ హాని చేస్తాయి కాబట్టి బట్టల పెట్టెలో అవి కూడా వేయకూడదు.