మోటార్ డిష్ ఉన్నోళ్లు మార్చిలోనే మేడ ఎక్కండి, మేలో కాదు

మోటార్ డిష్, అదే మోటార్‌తో తిరిగి ఒక్కో శాటిలైట్‌ని పట్టే పెద్ద డిష్, పెట్టుకున్న మనందరికీ ఒకటే అలవాటు, చానల్స్ వస్తున్నన్నాళ్లు పైకి తొంగి కూడా చూడం, మే నెలలో ఓ సాయంత్రం దుమారం లేచి నో సిగ్నల్ అని పడగానే లుంగీ ఎగ్గట్టి పానా పట్టుకుని మేడ మీదకి పరిగెత్తుతాం. నేనూ అలాగే ఎక్కా ఒకసారి, నట్టు సగం వదులు చేశానో లేదో గాలి ఎనిమిదడుగుల డిష్‌ని గిర్రున తిప్పేసింది, డిష్‌ని తోసే యాక్చుయేటర్ రాడ్ వంగిపోయింది, నా మోచెయ్యి చీరుకుపోయింది. నేను పిట్టగోడ ఇవతల పడ్డాను కాబట్టి సరిపోయింది.

అందుకే చెప్తున్నా, అలైన్‌మెంట్, అంటే డిష్ గురి సరిచేసే పని మొత్తం మార్చిలో తేల్చేయండి. గాలి తక్కువని మాత్రమే కాదు, ఆ నెలలో సూర్యుడే మనకి ఉచితంగా మీటర్ పని చేస్తాడు. హైదరాబాద్ దాదాపు 78.5 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, సరిగ్గా 78.5 మీదే థాయ్‌కామ్ శాటిలైట్లు ఉన్నాయి, అంటే మనకి నిట్ట దక్షిణం, ఎత్తు దాదాపు 70 డిగ్రీలు. మార్చి 12, 13 తేదీల్లో మధ్యాహ్నం 12:25 ఆ ప్రాంతంలో సూర్యుడు కూడా అక్కడికే వస్తాడు. డిష్‌ని ఆ శాటిలైట్ మీద పెట్టి చూస్తే ఎల్‌ఎన్‌బీ, అంటే డిష్ ముందు సిగ్నల్ అందుకునే ముక్కు, దాని నీడ డిష్ నడిమధ్యలో పడాలి (ఇది ముక్కు మధ్యలో ఉండే సీ బ్యాండ్ డిష్‌ల సంగతి, ముక్కు అంచున ఉండే ఆఫ్‌సెట్ డిష్‌కి ఈ లెక్క పనికిరాదు). మధ్యలో పడకపోతే దక్షిణమో ఎత్తో తప్పినట్టే. ఆ తేదీల చుట్టూ నాలుగు రోజులూ ఆ టైంకి కాసేపు సిగ్నల్ పోతే కంగారు పడి బోల్టులు కదపకండి, అది సన్ అవుటేజ్, శాటిలైట్ వెనక్కి సూర్యుడు వచ్చి సిగ్నల్‌ని ముంచేయడం, దానంతటదే పోతుంది. పైకి మాత్రం చూడొద్దు, నీడనే చూడండి. డిష్‌కి అల్యూమినియం పెయింట్ లాంటిది మెరిసేలా కొట్టి ఉంటే ఆ ఎండంతా ఎల్‌ఎన్‌బీ మీద పడి ప్లాస్టిక్ మూత కరుగుతుంది, మెరవని పెయింటే వేయించండి.

మేలో చూద్దాంలే అనుకుంటే కుదరదు, మే 9 చుట్టుపక్కల హైదరాబాద్‌లో మధ్యాహ్నం నీడే ఉండదు, జీరో షాడో డే అంటారు కదా, ఇక నీడతో దక్షిణం ఏం పట్టుకుంటారు. ఫోన్‌లో కంపాస్ ఉందిగా అంటారు, మన వైపు కంపాస్ తేడా ఒక డిగ్రీ లోపే గానీ ఇనుప పైపు పక్కన, స్లాబులో చువ్వల మీద పెడితే దాని ఇష్టం వచ్చినట్టు చూపిస్తుంది. వైజాగ్ వాళ్లకైతే 83 డిగ్రీల జీశాట్ 30 శాటిలైట్ దాదాపు నిట్ట దక్షిణంలోనే, మార్చిలో నీడ చూసే టైం 12:06 అలా. వాళ్లకి సెప్టెంబర్ 30 దగ్గర ఇంకో ఛాన్స్ ఉంటుంది, పదకొండు ముప్పావు దాటాక, తుఫాన్ల ముందు అది మిస్ కావద్దు, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న.

పైపు నిటారుగా ఉందా లేదా ముందు చూడండి, రసమట్టం రెండు పక్కలా పెట్టి. ఇక్కడే చాలా మంది మోసపోతారు, నిట్ట దక్షిణంలో ఉన్న శాటిలైట్ ఎలాగైనా పట్టేస్తుంది, తప్పంతా చివర్లలో బయటపడుతుంది. అటు పడమర 66లో ఇంటెల్‌శాట్ 17, ఇటు తూర్పు 105.5లో ఏషియాశాట్ 7, ఈ రెండూ చూడండి. డిష్ అంచుని ఒక వైపు పైకి నెడితే, ఇంకో వైపు కిందకి నొక్కితే సిగ్నల్ క్వాలిటీ పెరుగుతోందంటే మౌంట్ (డిష్‌ని పైపుకి పట్టి ఉంచే బిగింపు) తూర్పుకో పడమరకో తిరిగి ఉంది లేదా పైపు ఆ పక్కకి ఒరిగింది. రెండు చివరలా ఒకేలా నెట్టాల్సి వస్తే ఎత్తు కోణం తేడా. సెట్ అయ్యాక ప్రతి నట్టు పక్కనా మార్కర్‌తో గీత కొట్టండి, గాలి తర్వాత ఏది కదిలిందో కింద నుంచే టార్చ్ వేసి చూడొచ్చు.

ఇప్పుడు అసలు భయపడాల్సింది. మౌంట్‌లో చెయ్యి పెట్టే ముందు పొజిషనర్ (మోటార్‌ని తిప్పే బాక్స్) ప్లగ్ పీకండి, రిమోట్ దాచడం కాదు, ప్లగ్ పీకండి. కింద పిల్లాడు చానల్ మార్చాడంటే మోటార్ తిరుగుతుంది, దానికి మీ వేళ్లు ఉన్నాయో లేవో తెలీదు. కేబుల్ పీకినా పెట్టినా బాక్స్ ఆఫ్ చేశాకే, షార్ట్ అయితే ట్యూనరే పోతుంది. తూర్పు పడమర లిమిట్లు కూడా పెట్టుకోండి, లేకపోతే రాడ్ పైపుని గుద్దేదాకా తోస్తుంది. ఇంటి పక్కన 11 కేవీ లైన్ ఉంటే పైపు నిలబెట్టే పని మీరు ముట్టుకోవద్దు, ఎంత దూరంలో ఉందో అంచనాలు వద్దు. ఒంటరిగా ఎక్కొద్దు, హవాయి చెప్పులతో అసలే వద్దు.

ఉరుములు మొదలవ్వకముందే కరెంట్ ప్లగ్‌తో పాటు డిష్ కేబుల్ కూడా టీవీ వైపు పీకేయాలి, చాలా మంది ప్లగ్ ఒక్కటే పీకి ఊరుకుంటారు, పిడుగు కేబుల్ నుంచి దిగుతుంది. పైపుకి ఎర్త్ వైరు ఉన్నా సరే పీకాల్సిందే. దామిని యాప్ ఫోన్‌లో ఉంచుకోండి, పుణేలో వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లు చేసింది, చుట్టుపక్కల పిడుగులు చూపిస్తుంది.

గాలి వస్తోందని తెలియగానే డిష్‌ని 78.5 మీదకి తెచ్చి ఆపండి. అక్కడ అది గిన్నెలా దాదాపు ఆకాశం వైపు ఉంటుంది, గాలి అంచుల మీదుగా పోతుంది, పక్కకి తిప్పి ఉంచితే ముఖానికి కొడుతుంది, రాడ్ కూడా పూర్తిగా బయటికొచ్చి ఉంటే వంగేది అప్పుడే. గిన్నెలా ఉంటే నీళ్లు నిలుస్తాయి కాబట్టి మధ్యలో బొక్క మూసుకుపోలేదని చూసుకోండి. తుఫాను హెచ్చరికే వస్తే తాళ్లు గీళ్లు కాదు, ఒక రోజు ముందే డిష్ దించేయండి.

యాక్చుయేటర్ రాడ్‌కి గ్రీజు, కనెక్టర్లకి టేపు, కేబుల్ కనెక్టర్ దగ్గర కిందకి ఒక వంపు, నీళ్లు లోపలికి పాకకుండా. ఇవన్నీ అరగంట పని.

ఇన్ని చేసినా సీ బ్యాండ్‌లో ఒక్కసారిగా చాలా చానల్స్ పోతే డిష్‌ని అనుమానించే ముందు కొత్తగా దగ్గర్లో 5జీ టవర్ పడిందేమో చూడండి, 2022లో వేలం వేసిన 3300-3670 మెగాహెర్ట్జ్ మన బ్యాండ్‌కి ఆనుకునే ఉంది, అప్పుడు కావాల్సింది ఎల్‌ఎన్‌బీ ముందు ఫిల్టర్, పానా కాదు.