పిల్లలకి ఐజాక్ బారో కథ ఎలా చెప్పాలంటే

మా పర్లాకిమిడి పిల్లలు బడిలో ఒడియాలో లెక్కలు చదివి ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడతారు, వాళ్ళకి బారో అనే పాతకాలం ఇంగ్లండ్ లెక్కల పండితుడి గురించి చెప్పాలంటే పుట్టిన తేదీతో మొదలెట్టకండి, విసుగొచ్చేస్తాది. మహేంద్రతనయ నది ఒడ్డుకి తీసుకెళ్ళి ఇసకలో ఒక వంపు గీయండి, ఆ వంపుకి ఒక్కచోటే తగిలేలా పుల్ల ఆనించండి, అదే టాంజెంట్. పుల్లని వంపు వెంట కొంచెం కొంచెం జరిపితే వాలు మారిపోతుంటాది, అది వాళ్ళ చేతే చేయించండి. ఈ వాలుకీ వంపు కింద వైశాల్యానికీ ఉన్న లింకుని జామెట్రీలో మొదట్లో చూపించినవాళ్ళలో ఈయనొకడు అని అప్పుడు చెప్పండి, కళ్ళు పెద్దవైపోతాయి.

తేదీలు ఆ తర్వాతే. 1663లో కేంబ్రిడ్జ్‌లో మొట్టమొదటి లూకాసియన్ ప్రొఫెసర్ (అది లెక్కల ప్రొఫెసర్ పోస్టు), 1669లో ఆ పోస్టు వదిలేసి దైవశాస్త్రంలోకి వెళ్ళిపోయాడు, ఆ కుర్చీ న్యూటన్‌కి వచ్చింది. పాదిరీగా అభిషేకం మాత్రం 1660లోనే అయిపోయింది, ఈ రెండూ కలిపేయొద్దు ప్లీజ్, చాలామంది కలిపేస్తారు.

లెక్కలు రాక మానేశాడా అని ఎవడో ఒకడు కచ్చితంగా అడుగుతాడు. కాదు నాన్నా, బాగా వచ్చినా దేవుడి పని ముందు అనుకున్నాడు అని చెప్పండి. 1673లో కేంబ్రిడ్జ్‌లోనే ట్రినిటీ కాలేజీ మాస్టర్, అంటే ఆ కాలేజీకి పెద్ద అయ్యాడు, 1677లో 46 ఏళ్ళకే పోయాడు. ఆ వయసు చెప్పాక కాసేపు ఆగండి, పిల్లలు వాళ్ళ నాన్న వయసుతో పోల్చుకుంటారు.