కడలి చదువు, మూడో పాఠం: వంటింటి కాలెండర్‌లో సముద్రం

కిందటి పాఠంలో ఒక పని ఇచ్చాను. విశాఖ ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం పక్కనో, మీకు దగ్గర్లో ఇంకెక్కడో ఒకే చోటు ఎంచుకుని, వరుసగా నాలుగు సాయంత్రాలు సరిగ్గా ఆరింటికి, కెరటం పైకొచ్చి ఆగే గీత గట్టు నుంచి ఎంత దూరంలో ఉందో అడుగులు వేసి కొలవమన్నాను. కొలిచినవాళ్ళకి ఈపాటికి కాస్త చిరాకు పుట్టే ఉంటుంది. మొదటి రోజు అరవై అడుగులు, మర్నాడు యాభై, ఆ మర్నాడు నలభై చిల్లర. కొందరికి దీనికి తలకిందులుగా పెరుగుతూ వచ్చి ఉంటుంది. చోటు అదే, టైమూ అదే, నీళ్ళు మాత్రం రోజుకో దగ్గర.

మన చేతి గడియారం సూర్యుణ్ణి చూసి నడుస్తుంది, సముద్రం చంద్రుణ్ణి చూసి నడుస్తుంది. చంద్రుడి రోజు, అంటే చంద్రుడు నడినెత్తి నుంచి మళ్ళీ నడినెత్తికి రావడానికి పట్టే టైము, సుమారు 24 గంటల 50 నిమిషాలు. అందులో రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటంటే నీరు ఎక్కడం, ఆటంటే దిగడం. ఒక ఆటుకీ మళ్ళీ వచ్చే ఆటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. మీరు రోజూ ఆరింటికే వెళ్ళారు, సముద్రం మాత్రం రోజూ ముప్పావు గంట పైచిలుకు ఆలస్యంగా వచ్చింది.

ఇవాళ నేర్చుకోబోయేది ఆ ఆలస్యాన్ని ముందే లెక్కగట్టడం. ఫోన్లో యాప్ ఉంది కదా అంటారేమో. ఉంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఆటుపోట్ల పట్టికలు వేస్తుంది, హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లోనూ దొరుకుతాయి. చివర్లో సరిచూసుకోవడానికి వాటి దగ్గరికే వెళ్దాం. అంతవరకూ ఫోను పక్కన పెట్టండి. వంటింట్లో మేకుకి వేలాడే తెలుగు కాలెండర్ చాలు.

కాలెండర్‌లో ఇవాళ్టి గడి చూడండి. తిథి ఏమిటి? శుద్ధమా, బహుళమా అన్నది మనకి అనవసరం, ఎందుకో తర్వాత చెప్తాను. అంకె ఒక్కటే తీసుకోండి: పాడ్యమి ఒకటి, విదియ రెండు, తదియ మూడు, అలా చతుర్దశి పద్నాలుగు. పున్నమి, అమావాస్య రెండూ సున్నా. ఆ అంకెని రెండు ఘడియలతో హెచ్చవేయండి. ఘడియంటే 24 నిమిషాలు కాబట్టి, తిథికి 48 నిమిషాలు. వచ్చిన దాన్ని మధ్యాహ్నం 2.45కి కలపండి. విశాఖలో ఆ రోజు నీరు బాగా దిగే టైము ఉజ్జాయింపుగా అదే.

ఈ రెండు ఘడియలు ఎక్కడివి? అమావాస్య నుంచి అమావాస్య దాకా ముప్ఫై తిథులు. ఆ ముప్ఫై తిథుల్లో చంద్రుడు సూర్యుడి కంటే ఒక పూర్తి రోజు వెనకబడి, మళ్ళీ ఆయన పక్కకే చేరతాడు. రోజుకి అరవై ఘడియలు. అరవైని ముప్ఫైతో భాగిస్తే రెండు. తిథులూ ఘడియలూ పెట్టినవాళ్ళు సముద్రం కోసం పెట్టారని నేననను, కానీ లెక్క ఇంత శుభ్రంగా తెగుతుందని తెలిసిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

2.45 మాత్రం మన రేవుకి సంబంధించిన అంకె. పున్నమి రోజు చంద్రుడు అర్ధరాత్రి నడినెత్తికి వస్తాడు, కానీ నీరు ఆ క్షణానే లేవదు. సముద్రం లోతు, ఒడ్డు వంపు, అల నడిచే దారి అన్నీ కలిసి ఒక్కో రేవుకి ఒక్కో ఆలస్యాన్ని ఇస్తాయి. పున్నమికీ అమావాస్యకీ మన దగ్గర పోటు ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో వస్తుంది, ఆరుగంటల పైచిలుకు తర్వాత ఆటు. నేను 2.45 అని పెట్టుకున్నది నాకు సరిపడింది. మీరు లెక్క చేసి చూశాక పది నిమిషాలు అటో ఇటో జరుపుకోండి, తప్పు కాదు. ఇంకో ఊరికి ఈ అంకెని పట్టుకుపోతే మాత్రం పనిచేయదు.

ఒక ఉదాహరణ చేద్దాం. సింహాచలం చందనోత్సవం. అది ఎప్పుడూ వైశాఖ శుద్ధ తదియే. మూడు తిథులు, ఆరు ఘడియలు, అంటే 2 గంటల 24 నిమిషాలు. 2.45కి కలిపితే సాయంత్రం 5.09. తెల్లవారుజామున క్యూలో నిలబడి నిజరూప దర్శనం చేసుకుని, ఇంటికొచ్చి ఒక కునుకు తీసి, ఐదింటికి తెన్నేటి పార్కు మెట్లు దిగితే రాళ్ళు బయటపడి ఉంటాయి. అంతకు ముందటి ఆటు కావాలంటే 12 గంటల 25 నిమిషాలు తీసేయండి: తెల్లవారుజామున 4.44. ఆ టైముకి మీరు కొండ మీద క్యూలో ఉంటారు.

ఇంకొకటి, ఈసారి పోటు కోసం. గిరి ప్రదక్షిణ ఆషాఢ చతుర్దశి నాడు మొదలవుతుంది, ముప్ఫై రెండు కిలోమీటర్ల నడక. దారిలో అప్పుఘర్ దగ్గర చాలామంది సముద్ర స్నానానికి దిగుతారు. పద్నాలుగు తిథులంటే 11 గంటల 12 నిమిషాలు. 2.45కి కలిపితే తెల్లవారుజామున దాదాపు రెండు అయింది. అది ఆటు. దానికి ఆరుంబావు గంటలు ఇటూ అటూ పోట్లు: రాత్రి 7.45కి ఒకటి, మర్నాడు ఉదయం ఎనిమిది దాటాక ఒకటి. అంటే సాయంత్రం బయల్దేరినవాళ్ళు అప్పుఘర్ చేరేసరికి, చీకట్లో, నీరు నిండుగా ఉంటుంది. కార్తీక పున్నమి తెల్లవారుజాము స్నానాలూ ఇంతే, మీరు దిగేసరికి నీరు ఎక్కుతూ ఉంటుంది, తొమ్మిది దాకా ఎక్కుతూనే ఉంటుంది.

ఇప్పుడు శుద్ధం, బహుళం సంగతి. "పున్నమికి సముద్రం పొంగుతుంది" అని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. నిజమే, కానీ సగమే. అమావాస్యకీ అంతే పొంగుతుంది, ఎందుకంటే రెండు రోజుల్లోనూ సూర్యచంద్రులు ఒకే గీత మీద ఉండి కలిసి లాగుతారు. అందుకే శుద్ధమైనా బహుళమైనా మన లెక్క ఒకటే. ఇంకో సంగతి, పొంగిన రోజే లోపలికి కూడా ఎక్కువ పోతుంది. విశాఖలో అమావాస్య, పున్నమిల చుట్టూ పోటుకీ ఆటుకీ తేడా ఒకటిన్నర మీటరు దాకా వస్తుంది. అష్టమి, నవమి వచ్చేసరికి అర మీటరు చిల్లరకి పడిపోతుంది. గుజరాత్‌లో భావనగర్ వైపు పది మీటర్లు దాటుతుందట కదా అని చిన్నబుచ్చుకోకండి. మన రాళ్ళ మీద ఒకటిన్నర మీటరు చాలా చూపిస్తుంది.

ఈ తేడా తెలియక నేను ఒకసారి బాగా భంగపడ్డాను. లెక్క కొత్తగా వచ్చిన ఉత్సాహంలో మా అక్క పిల్లలిద్దర్నీ బయల్దేరదీశాను, "పీతల్ని చూపిస్తాను, నక్షత్ర చేపల్ని చూపిస్తాను" అని. ఆ రోజు నవమి. టైము సరిగ్గానే కట్టాననుకున్నాను. వెళ్ళి గంటన్నర కూర్చున్నాం. నీరు దిగిందో లేదో కూడా తెలియలేదు. పిల్లలు మురీ మిక్చర్ తిని ఇంటికొచ్చారు, పెద్దవాడు ఇప్పటికీ "మావయ్యా, ఆ నక్షత్ర చేప వచ్చిందా?" అని అడుగుతాడు. అష్టమి చుట్టుపక్కల రెండు తప్పులు కలుస్తాయి. నీరు తక్కువ దిగుతుంది, పైగా ఆ రోజుల్లో ఆలస్యం 48 నిమిషాల దగ్గర ఆగదు, గంట దాటుతుంది. పున్నమి, అమావాస్యల దగ్గర అదే ఆలస్యం 48 కంటే తగ్గుతుంది. మన లెక్క సగటు మీద నడుస్తుంది కాబట్టి సప్తమి నుంచి దశమి దాకా దాన్ని నమ్మకండి. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఉండి బాల్కనీలో పిచ్చుకల్ని చూసుకోవడం మేలు.

మరి ఏ రోజులు మంచివి? ఇక్కడ మా అమ్మ ప్రస్తావన తప్పదు. "అమావాస్య పూట రాళ్ళ మీదకేంట్రా?" అని అడ్డం పడింది. వాదించి లాభం లేదని విదియకి వాయిదా వేసుకున్నాను. తర్వాత పట్టిక చూస్తే, నీరు అన్నిటికంటే ఎక్కువ దిగేది అమావాస్య నాడు కాదు, దాని తర్వాత ఒకటి రెండు రోజులకి! సూర్యచంద్రుల లాగుడు బలం పెరగడానికీ సముద్రం దాన్ని పూర్తిగా చూపించడానికీ మధ్య అంత జాప్యం ఉంటుంది. అమ్మకి ఇది చెప్పలేదు, చెబితే ఇంక ప్రతిదానికీ తనదే పైచేయి.

కాబట్టి పాడ్యమి నుంచి చవితి దాకా గుర్తుపెట్టుకోండి. పాడ్యమి మధ్యాహ్నం మూడున్నర, విదియ నాలుగుంబావు దాటాక, తదియ ఐదు దాటాక, చవితి ఆరు. ఆఫీసు వదిలాక వెళ్ళేవాళ్ళకి తదియ బంగారం. పొద్దున్న వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళకి చవితి, పంచమి. చవితి ఉదయం ఐదున్నర, పంచమి ఆరుంబావు దాటాక ఆటు పడుతుంది. ఏకాదశికి ఆటు ఉదయం పదకొండు దాటాక. ఉపవాసం, ఎండ, ఉప్పుగాలి మూడూ కలిపి ఎవరికీ సలహా ఇవ్వను.

లెక్క సరిపోయిందో లేదో రాళ్ళే చెప్తాయి. తెన్నేటి పార్కు కింది రాళ్ళు కైలాసగిరి కొండ రాయే, ఖొండలైట్. దగ్గరగా వెళ్ళి ఒక పెద్ద బండని పైనుంచి కిందికి చూడండి. మెట్లు మెట్లుగా రంగు మారుతుంది. అన్నిటికంటే పైన, జల్లు మాత్రమే తగిలే చోట, పగుళ్ళలో మినపగింజంత నత్తలు గుంపుగా నక్కి ఉంటాయి. దాని కింద తెల్లగా, గరుకుగా, చిన్న చిన్న గోపురాల్లా అతుక్కున్నవి బార్నకిల్స్. అవి రాయిలో భాగమనుకుని చాలామంది వాటి మీదే కూర్చుంటారు. నిజానికి పీత, రొయ్యలకి చుట్టాలు, నీరు ఎక్కగానే గోపురం తలుపు తీసి ఈకల్లాంటి కాళ్ళతో మేత పట్టుకుంటాయి. ఇంకా కిందికి ఆలిచిప్పలు, ఆ కింద పచ్చటి నాచు, అట్టడుగున నీటి గుంటల్లో పువ్వులా విచ్చుకునే సీ ఎనిమోన్లు.

పైవాటికి ఎండని ఓర్చుకునే శక్తి ఎక్కువ, కిందివాటికి తక్కువ. అందుకే ఒక్కో ప్రాణి నీటి బయట ఎన్ని గంటలు బతకగలదో అక్కడే ఆగిపోయింది. ఆటుకి వెళ్ళామనుకున్నప్పుడు మీకు బార్నకిల్స్ పట్టీ మాత్రమే కనిపిస్తే మీ టైము తప్పు. పచ్చ నాచు తడిగా మెరుస్తూ బయటపడి ఉంటే దగ్గర పడ్డారు. ఎనిమోన్ల గుంట కనిపిస్తే మీ అంకె కుదిరింది.

ఒక చిక్కు మిగిలింది, ఋతువు. అదే తదియ, అదే సాయంత్రం ఐదు, కానీ మార్చిలో కనిపించిన గుంట నవంబరులో కనిపించదు. మన తీరంలో సముద్ర మట్టం మార్చి ప్రాంతంలో ఏడాదికల్లా తక్కువగా, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగా ఉంటుంది. వానాకాలం తర్వాత గంగ, మహానది లాంటి నదుల మంచినీళ్ళు బంగాళాఖాతంలో చేరి, ఆ నెలల్లో ఒడ్డు వెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి పారతాయి. పైగా తుపాన్లు. గాలి పీడనం ఒక మిల్లీబారు పడితే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది, ఆపైన గాలి తోపు. 2020 అక్టోబరులో వాయుగుండం రోజున బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఇదే తెన్నేటి పార్కు ఒడ్డుకి ఎక్కింది, నగరమంతా చూడ్డానికి వెళ్ళింది. వాతావరణ హెచ్చరిక ఉన్న రోజు తిథి చూడకండి, ఇంట్లో కూర్చోండి.

మామూలు రోజుల్లో కూడా రాళ్ళ మీదకి ఆటు టైముకి గంట ముందు దిగండి, ఆటు కాగానే వెనక్కి తిరగండి. నాచు మీద హవాయి చెప్పులు వద్దు. దిగే ముందు పది నిమిషాలు నిలబడి కెరటాలు చూడమని రెండో పాఠంలో చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకండి. గుల్లలు ఇంటికి తేకండి, ఖాళీ గుల్ల సన్యాసి పీతకి ఇల్లు. శంకువు ఆకారంలో అందంగా కనిపించే గుల్లల్ని చేత్తో అసలు ముట్టుకోకండి, వాటిలో కొన్ని విషపు ముల్లుతో కుడతాయి.

ఈ వారం పని. కాలెండర్‌లో రాబోయే పాడ్యమి నుంచి చవితి దాకా నాలుగు గడుల్లోనూ పెన్సిల్‌తో ఆటు టైము రాయండి. తిథి మధ్యాహ్నానికే మారిపోయే రోజుంటే, మీరు ఒడ్డున ఉండే గంటకి ఏ తిథి ఉందో అదే తీసుకోండి, కాలెండర్‌లో "వరకు" అని రాసే టైము అందుకే. ఒక్క రోజైనా వెళ్ళి, ఒకే రాయిని పావుగంటకోసారి ఫోటో తీయండి. ఏ ఫోటోలో నీరు అన్నిటికంటే కిందుందో చూసి, దాని టైము మీ పెన్సిల్ అంకె పక్కన రాయండి. ఇప్పుడు పట్టిక తెరవండి. తేడా ఇరవై నిమిషాల లోపుంటే 2.45ని అలాగే ఉంచుకోండి, ఎక్కువుంటే మీ 2.45ని మీరు దిద్దుకోండి.

నాలుగో పాఠంలో గుంటల్లోకి దిగుతాం. పట్టున్న పాత బూట్లు, ఒక తెల్ల ప్లాస్టిక్ గిన్నె సిద్ధం చేసుకోండి. గిన్నె అడుగు తెల్లగానే ఉండాలి, ఎందుకో అప్పుడు చెప్తాను.