ఉప్పుగాలి ఊళ్లకు డిజైన్ గేటు చేసేటప్పుడు

మైపాడు, కొత్తపట్నం వంటి తీర గ్రామాలకు డిజైన్ గేట్లు చేసి పంపేవారు రంగు నాణ్యత గురించి ఎంత ఆలోచిస్తారో, ఇనుప చుట్టలు కడ్డీని తాకే చోట మిగిలే సన్నని సందుల గురించి కూడా అంతగా ఆలోచించాలి. రెండు టాకాలు (చుక్కల్లాంటి చిన్న వెల్డింగులు) వేసి వదిలిన చుట్ట వెనుక కాగితం దూరేంత సందు ఉంటుంది; అక్కడికి బ్రష్షు చేరదు, ఉప్పు తేమ మాత్రం చేరి నిలుస్తుంది. నేను అలా చేసి ఇచ్చిన ఒక గేటు మీద, ఈశాన్య రుతుపవనాల వానలు ముగిసేలోగానే, ప్రతి చుట్ట కిందా టీ కారినట్లు తుప్పు చారలు దిగాయి. ముందు రంగును తిట్టుకున్నాను గానీ, తప్పు నా టాకాలదే.

ఆ సందును చుట్టూ వెల్డింగ్ చేసి పూర్తిగా మూయాలి, లేదా మధ్యలో చిన్న ముక్క పెట్టి బ్రష్షు తిరిగేంత ఎడం ఇవ్వాలి. చుట్ట పట్టీ వేడికి వంకరపోదు కనుక నాకు రెండవ పద్ధతే నచ్చుతుంది. చదరపు పైపు వాడితే లోపలి తేమ దిగిపోయేలా అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రం వదలాలి. గాల్వనైజింగ్‌కు (కరిగిన జింకులో ముంచి పూత వేయించడానికి) పంపే పనైతే రెండు చివరలా రంధ్రాలు తప్పనిసరి, ఎందుకంటే గాలి బయటికి పోయే దారి లేని పైపు సుమారు 450 డిగ్రీల జింకు తొట్టిలో పేలిపోయే ప్రమాదం ఉంది.

గ్రైండింగ్ అయిన ఇనుమును మంచినీటితో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఆ రోజే జింక్ ప్రైమర్ పూయాలి. మంచు తడి ఆరని ఉదయం వేళ మాత్రం పూయకూడదు.