లినక్స్ నేర్చుకుందాం, 3వ పాఠం: ఏ డిస్ట్రో పెట్టుకోవాలి?

పోయిన పాఠంలో బూటబుల్ పెన్‌డ్రైవ్ (కంప్యూటర్‌ని నేరుగా దాన్నుంచే స్టార్ట్ చేయగలిగేది) చేయడం చూశాం. ఇప్పుడు అందులోకి ఏ డిస్ట్రో (లినక్స్‌ని మిగతా సాఫ్ట్‌వేర్‌తో కలిపి వాడకానికి సిద్ధం చేసిన రకం) ఎక్కించాలో తేల్చుకుందాం. ఈ మాట ఎవరినడిగినా తాము వాడేదే బెస్ట్ అంటారు, నేనూ అంతే, అందుకే పేర్ల సంగతి కాసేపు పక్కన పెడదాం.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నలే (హార్డ్‌వేర్‌తో ప్రోగ్రాముల్ని కలిపి నడిపించే సిస్టమ్ గుండెకాయ) డిస్ట్రోలన్నిటికీ ఆధారం. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, వీఎల్‌సీ దాదాపు ఎందులోనైనా దొరుకుతాయి. మరి తేడా ఎక్కడుందీ అంటే, ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు మీ దాకా ఎంత త్వరగా వస్తాయన్న దగ్గర. చాలామంది స్క్రీన్‌షాట్ల అందం చూసి ఎంచుకుంటారు గానీ, నన్నడిగితే ముందు చూడాల్సింది ఇదే.

డెబియన్ 1993 నుంచీ ఉంది. సుమారు రెండేళ్లకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, మధ్యలో సెక్యూరిటీ లోపాలూ పెద్ద బగ్గులూ సరిచేయడం తప్ప దేన్నీ కదపరు. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) కూడా రెండేళ్లకోసారే, దానికి అయిదేళ్ల సపోర్ట్ ఉంటుంది (24.04 అంటే 2024 ఏప్రిల్ అని అర్థం, అంతకు మించి రహస్యమేం లేదు). ఫెడోరా ఆర్నెల్లకోసారి వస్తుంది, ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ దాదాపు 13 నెలలే, కాబట్టి ఏడాదికోసారైనా అప్‌గ్రేడ్ చేయక తప్పదు. ఆర్చ్ లాంటి రోలింగ్ డిస్ట్రోలకి అసలు వెర్షన్లే ఉండవు, అప్‌డేట్లు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి.

నేను ఒకసారి ఓ రోలింగ్ డిస్ట్రో పెట్టుకుని మూడు నెలలు అప్‌డేట్ జోలికే పోలేదు. తెల్లారితే ప్రెజెంటేషన్ అనగా ఆ రాత్రే నాకు బుద్ధి పుట్టింది. రీస్టార్ట్ చేస్తే నల్లటి స్క్రీన్, మూలన మినుకుమినుకుమంటూ కర్సర్, అంతే! దాన్ని అనడానికేం లేదు, తరచూ చూసుకోవాల్సినదాన్ని గాలికొదిలేసింది నేనే.

కాబట్టి మిమ్మల్ని మీరు ఒక్కటే అడగండి: అప్‌డేట్ తర్వాత ఏదైనా తేడా కొడితే, సాయంత్రమంతా కూర్చుని బాగుచేసుకోవడం మీకు సరదానా, టెన్షనా? సరదా అయితే ఫెడోరా, ఆర్చ్ వైపు వెళ్లండి. టెన్షన్ అయితే ఉబుంటు ఎల్‌టీఎస్, దాని మీదే కట్టిన లినక్స్ మింట్, లేదా డెబియన్. ఒక్క మినహాయింపు ఉంది. లాప్‌టాప్ ఈమధ్యే మార్కెట్లోకి వచ్చిన మోడల్ అయితే, పాత కెర్నల్ దాని వైఫైనో గ్రాఫిక్స్‌నో గుర్తుపట్టకపోవచ్చు, అప్పుడు టెన్షన్ బ్యాచ్ కూడా ఫెడోరా ప్రయత్నించడమే మంచిది.

డెస్క్‌టాప్ (స్క్రీన్ మీద మెనూలూ విండోలూ కనిపించే తీరు) గురించి మరీ బుర్ర బద్దలు కొట్టుకోకండి. విండోస్ అలవాటున్నవాళ్లకి మింట్‌లోని సినమన్, లేదంటే కేడీఈ ప్లాస్మా ఇట్టే చేతికొస్తాయి. గ్నోమ్ పద్ధతి వేరు, కొందరికి మొదటి రోజే నచ్చుతుంది, కొందరికి ఎప్పటికీ నచ్చదు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ చూడండి. కుబుంటు, జుబుంటు అని వేరే పేర్లు కనిపిస్తే కంగారు పడొద్దు, అవీ ఉబుంటునే, డెస్క్‌టాప్ మారిందంతే.

ఇక ఈ వారం పని. పైవాటిలో రెండు ఎంచుకుని ఒకదాని తర్వాత ఒకటి పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేయండి, హార్డ్ డిస్క్ మీద ఏమీ మారదు (డెబియన్ అయితే లైవ్ ఇమేజ్ అని విడిగా ఉన్నది దించుకోండి). వాల్‌పేపర్ చూసి మురిసిపోకుండా నేరుగా వైఫై కలపండి. ఏదైనా వీడియో పెట్టి సౌండ్ వినండి, బ్రైట్‌నెస్ కీలు నొక్కండి, బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఉంటే అవీ కలపండి. ఆ తర్వాత మూత మూసి, రెండు నిమిషాలాగి తెరవండి. స్క్రీన్ వెంటనే వెలిగి, వైఫై దానంతటదే మళ్లీ కలిస్తే ఆ డిస్ట్రోకి మీ మెషీన్‌తో పొత్తు కుదిరినట్టే. ఎంత బాగుందని పేరున్నా, నిద్రలేవని లాప్‌టాప్‌తో రోజూ వేగలేం. మూత పరీక్షలో రెండూ నెగ్గితే, ఏది వాడుతుంటే చేతికి హాయిగా ఉందో అదే ఉంచుకోండి.

అన్నట్టు, లైవ్‌లోకి వెళ్లగానే ఇన్‌స్టాల్ అనే ఐకాన్ ఊరిస్తూ కనిపిస్తుంది. దాన్ని ఇప్పుడే నొక్కొద్దు. పార్టిషన్ల (డిస్క్‌ని విడగొట్టిన భాగాల) దగ్గర ఒక్క ఆప్షన్ తప్పు ఎంచుకుంటే డిస్క్‌లోని విండోసూ ఫొటోలూ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, 4వ పాఠం మొత్తం దాని గురించే.